బొమ్మల పుస్తకం సినిమా అయినప్పుడు: ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ మీద చర్చ

హన్మకొండ పాఠకురాలు:

మారిస్ సెండాక్ 1963లో తానే రాసి, తానే బొమ్మలు వేసిన ‘వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్’ పుస్తకాన్ని మా కాలనీ పిల్లలకు బొమ్మలు చూపిస్తూ తెలుగులో చెప్పాను. ఆ తరువాతి ఆదివారం, దాని ఆధారంగా స్పైక్ జోన్జ్ తీసిన 2009 నాటి సినిమాను వాళ్ళకు చూపించాము. పిల్లల్లోనూ, వాళ్ళ వెంట వచ్చిన పెద్దల్లోనూ అభిప్రాయాలు గట్టిగానే చీలిపోయాయి. పిల్లల పుస్తకాల గురించి పట్టించుకునేవారు ఇక్కడ చాలామంది ఉన్నారు కాబట్టి ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

పుస్తకం తెలియనివారి కోసం కథ క్లుప్తంగా చెబుతాను. తోడేలు వేషం వేసుకున్న మాక్స్ ఇల్లంతా అల్లరి చేస్తాడు. తల్లి కోప్పడితే ‘నిన్ను తినేస్తా’ అని ఎదురు చెబుతాడు. ఆమె అన్నం పెట్టకుండానే వాణ్ని గదిలోకి పంపిస్తుంది. ఆ గదిలోనే చెట్లు మొలిచి అడవి అవుతుంది. వాడు పడవెక్కి రాకాసులు ఉండే చోటికి వెళ్ళి, వాటిని కళ్ళతోనే లొంగదీసి, వాటికి రాజై, చివరికి తనను అందరికన్నా ఎక్కువగా ప్రేమించే మనిషి దగ్గర ఉండాలనిపించి తిరిగి వస్తాడు. మొత్తం 338 ఆంగ్ల పదాలు. మొదట్లో చుట్టూ తెల్లని అంచు వదిలి చిన్నగా ఉన్న బొమ్మ, పిల్లవాడి కోపం పెరిగినకొద్దీ పేజీని ఆక్రమిస్తూ పోతుంది. రాకాసులతో చిందులాట వచ్చేసరికి మూడు జోడు పేజీల నిండా బొమ్మలే తప్ప ఒక్క అక్షరం కూడా ఉండదు. పిల్లల చేత ఆ పేజీలు తిప్పించినప్పుడు వాళ్ళు తమంతట తామే అరవడం మొదలుపెట్టారు.

సినిమా నిడివి 101 నిమిషాలు. 338 మాటలను అంత దూరం లాగాలంటే ఏదో ఒకటి కొత్తగా చేర్చవలసిందే. జోన్జ్, ఆయనతో కలిసి రచన చేసిన డేవ్ ఎగర్స్, పిల్లవాడి కోపానికి కారణాలను చేర్చారు. తండ్రి ఇంట్లో ఉండడు, అక్క తన స్నేహితుల లోకంలో పడి తమ్ముణ్ని పట్టించుకోదు, మాక్స్ కట్టుకున్న మంచు గూటిని ఆ స్నేహితులు కూల్చేస్తారు, బడిలో పంతులు సూర్యుడు కూడా ఒకనాటికి ఆరిపోతాడని చెబుతాడు. ఇవన్నీ నిజాయితీగా తీసిన సన్నివేశాలే. అయితే సినిమాలో గది అడవి కాదు. మాక్స్ తల్లిని కొరికి, ఇంట్లో నుంచి బయటికి పారిపోయి పడవ ఎక్కుతాడు. నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది. పిల్లవాడు తన గదిలో, తన కోపంతో తానే అడవిని మొలిపించుకోవడం ఆ పుస్తకానికి ప్రాణం. దాన్ని పారిపోవడంగా మార్చిన తరువాత ఎంత అందమైన దృశ్యాలు తీసినా, అది మరో కథ అవుతుందని నా అభిప్రాయం. మీరేమంటారు?

మానేరు తీరం:

మేడమ్, మీరు ఆ మార్పు దగ్గర ఆగారు. నేను ఇంకా ముందుకు వెళ్ళి, ఇది అసలు పిల్లల సినిమానే కాదంటాను. మా పాపకు ఆరేళ్ళు. కరీంనగర్‌లో ఇంట్లోనే చూశాము. కారల్ అనే రాకాసి కోపంతో డగ్లస్ అనే మరో రాకాసి చెయ్యి ఊడబెరికిన చోట పాప నా ఒళ్ళోకి వచ్చి ముఖం దాచుకుంది. ఆ తరువాత వచ్చే పెద్ద భాగంలో ఆమెకు భయం పోయింది కానీ, దాని స్థానంలో దిగులు మిగిలింది. ఆ దిగులు ఎందుకో ఆమెకు అర్థం కాలేదు, నేనూ చెప్పలేకపోయాను.

భయం వద్దని నేను అనడం లేదు. చిందు భాగవతంలో స్తంభం చీల్చుకొని నరసింహుడు వచ్చినప్పుడు ముందు వరుసలో కూర్చున్న పిల్లలు లేచి వెనక్కు పరిగెత్తేవారు, ఐనా మరుసటి ఏడాది మళ్ళీ ముందు వరుసలోనే కూర్చునేవారు. ఆ భయానికి ఒక మొదలు, ఒక తుది ఉన్నాయి. హిరణ్యకశిపుడు పడిపోతాడు, ప్రహ్లాదుడు బతుకుతాడు, పిల్లలు ఇంటికి పోయి నిద్రపోతారు. ఈ సినిమాలో రాకాసులు ఒకదానితో ఒకటి అలుగుతాయి, పాత గొడవలు తవ్వుకుంటాయి, ఎవరిని ఎవరు ఎక్కువగా ఇష్టపడుతున్నారో లెక్కలు వేసుకుంటాయి. అది సంసారాలు చెడిపోయిన పెద్దల మాట తీరు. అమెరికాలో కూడా పెద్దల తోడు ఉంటే మంచిదనే అర్థం వచ్చే పీజీ గుర్తింపు ఇచ్చే విడుదల చేశారు. 2008లో రావలసిన సినిమా ఏడాదికి పైగా ఆలస్యమై 2009 అక్టోబరులో వచ్చిందంటే, అది ఎవరి కోసం తీసినదన్న అనుమానం ఆ నిర్మాణ సంస్థకు కూడా కలిగే ఉంటుందని నాకు అనిపిస్తుంది.

కాజీపేట క్వార్టర్స్:

కథ గురించి మీరు మాట్లాడుతున్నారు, నేను ఆ రాకాసుల ఒళ్ళు గురించి చెబుతాను. వాటిని పూర్తిగా కంప్యూటర్‌లో పుట్టించలేదు. జిమ్ హెన్సన్స్ క్రియేచర్ షాప్‌లో చేసిన నిలువెత్తు వేషాల లోపల మనుషులు ఉండి నటించారు. ముఖకవళికలను మాత్రమే తరువాత కంప్యూటర్‌తో కలిపారు. షూటింగ్ ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో, నిజమైన ఇసుకలో, నిజమైన చెట్ల మధ్య జరిగింది. అందువల్ల ఒక రాకాసి దూకితే నిజంగానే మట్టి లేస్తుంది, బొచ్చుకు ఆకులు అంటుకుంటాయి. అన్నీ ఒకదాని మీద ఒకటి గుట్టగా పడి నిద్రపోయే దృశ్యంలో మాక్స్ వాటి నడుమ ఇరుక్కొని ఉంటే, ఆ బరువు, వెచ్చదనం చూసేవారికి కూడా తెలుస్తాయి.

2004లో సినిమాగా వచ్చిన ‘ద పోలార్ ఎక్స్‌ప్రెస్’ కూడా ఒక బొమ్మల పుస్తకమే, క్రిస్ వాన్ ఆల్స్‌బర్గ్ 1985లో చేసినది. నటుల కదలికలను కంప్యూటర్‌లోకి ఎక్కించి తీసిన ఆ సినిమాలో మనుషుల కళ్ళు జీవం లేనట్టు కనిపిస్తాయని అప్పట్లో చాలామంది విమర్శకులు రాశారు. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే జోన్జ్ ఎంచుకున్న కష్టమైన పద్ధతికి నేను దండం పెడతాను. సెండాక్ తన గీతలతో, పెన్ను గీట్లతో తెచ్చిన ఆ బొచ్చు, ఆ బరువు తెర మీదకు చెక్కుచెదరకుండా వచ్చాయి.

పటం కథ:

మాది చేర్యాల వైపు. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో కలిసినా మా ఊళ్ళవాళ్ళం పాత వరంగల్ జిల్లా మనుషులమే. బొమ్మను సాగదీసి కథ చెప్పడం తప్పా అనే ప్రశ్నకు మా ప్రాంతంలో పాత సమాధానం ఒకటి ఉంది కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

చేర్యాల నకాషీ పటం అంటే చింతగింజల అంబలి, సుద్ద, జిగురు కలిపి పూసిన ఖాదీ గుడ్డ మీద, ఎర్రని నేల రంగుతో, వరుసలు వరుసలుగా వేసిన కథ. కాకి పడగలవారు, మందహెచ్చులవారు వంటి కథకులు ఆ పటాన్ని కర్రలకు వేలాడదీసి, ఒక్కో వరుస విప్పుతూ, పాడుతూ, నడుమ నడుమ మాట్లాడుతూ ఆయా కులాల పురాణం చెబుతారు. పటంలో ఒక గడి జానెడో మూరెడో ఉంటుంది. దాని మీద కథ మాత్రం గంటలు నడుస్తుంది. మొత్తం పటం పూర్తి కావడానికి కొన్ని రాత్రులు పడుతుంది. ఆ గడిలో లేని మాటలు, లేని పిట్టకథలు, ఊళ్ళో అప్పుడు జరిగిన సంగతులు కూడా కథకుడు కలుపుతాడు. ఎవరూ ‘ఇది బొమ్మలో లేదు’ అని అడ్డు చెప్పరు. కాబట్టి 338 మాటలు 101 నిమిషాలు కావడం ఒక తప్పుగా నాకు కనిపించదు. రాకాసుల అలకలు, కోట కట్టడం, మట్టి గడ్డలతో చేసిన యుద్ధం, ఇవన్నీ పిట్టకథలే.

నేను చూసేది ఒక్కటే. పిట్టకథ అయిపోయాక కథకుడు తిరిగి ఆ గడి దగ్గరికి వస్తున్నాడా? కర్రతో ఆ బొమ్మను మళ్ళీ తాకుతున్నాడా? సినిమా చాలా చోట్ల తాకింది. తోడేలు వేషం, పడవ, కిరీటం, చిందులాట, వీడ్కోలు అన్నీ ఉన్నాయి. కానీ పాఠకురాలు గారు చెప్పిన ఆ గది గడిని మాత్రం దర్శకుడు తాకకుండానే పటాన్ని ముందుకు చుట్టేశారు. కథకుడు ఒక గడిని ఎంతసేపు చెప్పినా వినేవారు ఓర్చుకుంటారు, గడినే దాటేస్తే మాత్రం పటం ఎందుకు తెచ్చినట్టు? చేర్చిన వాటి మీద నాకు పేచీ లేదు, దాటేసినదాని మీద ఉంది.

జగిత్యాల అమ్మ:

నేను ఇద్దరు మగపిల్లల తల్లిని. పుస్తకంలో తల్లి మాట వినిపిస్తుంది, మనిషి ఒక్క బొమ్మలోనూ కనిపించదు. సినిమాలో ఆ పాత్రను క్యాథరీన్ కీనర్ పోషించారు. ఆమె రాత్రిపూట ఇంట్లో కూర్చొని ఆఫీసు పని చేస్తుంటే మాక్స్ బల్ల కింద పడుకొని, ఆమె కాలి మేజోడు కొస లాగుతూ, పళ్ళు విరిగిన రక్తపిశాచి కథ ఒకటి చెబుతాడు. ఆమె ఆ కథను టైపు చేసుకుంటుంది. అలసిపోయిన తల్లి, ఆమె దృష్టి కోసం తపించే కొడుకు, ఇద్దరూ ఒకరికొకరు దొరికిన ఆ రెండు నిమిషాల కోసం నేను ఈ సినిమాను ఎన్నిసార్లైనా చూస్తాను.

అయితే దాని వెనుక నష్టం కూడా చూశాను. పుస్తకం చదివినప్పుడు మా చిన్నవాడు తానే మాక్స్ అయిపోయాడు. సినిమా చూసినప్పుడు మాత్రం ‘పాపం, వాళ్ళమ్మ’ అన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లవాడు తల్లిని అర్థం చేసుకోవడం మంచిదే, కాదనను. కానీ ఆ పుస్తకం ఇచ్చేది వేరు: కొద్దిసేపైనా ఎవరి కష్టమూ లెక్కలోకి తీసుకోకుండా, తన కోపానికి తానే రాజుగా ఉండే హక్కు. తల్లి ముఖం చూపించగానే ఆ హక్కు కొంత తగ్గిపోయింది.

అన్నం సంగతి కూడా చెప్పాలి. పిల్లవాణ్ని ఆకలితో పడుకోబెట్టడం మీద ఈ పుస్తకానికి మొదటి నుంచీ అభ్యంతరాలు వచ్చాయి. బ్రూనో బెటెల్‌హైమ్ అనే మానసిక శాస్త్రవేత్త 1969లో ఒక మహిళల పత్రికలో, పుస్తకాన్ని తాను చూడకుండానే, తల్లులు చెప్పిన మాటల ఆధారంగా దాన్ని తప్పుపట్టారు. మన ఇళ్ళలో జరిగేది దీనికి తలకిందులు. పిల్లవాడే అలిగి అన్నం తిననంటాడు, తల్లి, నానమ్మ గిన్నె పట్టుకొని వెంట తిరుగుతారు. అందుకే మా పిల్లలకు ఆ శిక్ష చాలా కఠినంగా తోచింది. చివరికి అన్నం వేడిగా ఉందన్న మాట వినగానే వాళ్ళకు కలిగిన ఊరట కూడా అంత పెద్దదే.

గోదావరిఖని నుంచి:

మానేరు తీరం అన్నా, పెద్దల దిగులు అని మీరు తీసిపారేసిన దానిలో నేను నా చిన్నతనాన్ని చూశాను. మా నాన్న సింగరేణి గనిలో పనిచేసేవారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు పడుకుంటే ఇంట్లో గట్టిగా మాట్లాడే వీలు ఉండేది కాదు. ఇంట్లో అందరూ ఉన్నా ఒంటరిగా ఉండడం ఎలా ఉంటుందో ఏడేళ్ళకే తెలిసిన పిల్లలు మా క్వార్టర్లలో చాలామంది ఉండేవారు. మంచు గూడు కూలిన తరువాత మాక్స్ అక్క గదిలోకి వెళ్ళి, తాను ఆమె కోసం చేసి ఇచ్చిన బొమ్మను తానే విరగ్గొట్టి, ఆ వెంటనే ఏడ్చే దృశ్యాన్ని ఏ పెద్దవాడి దిగులు అనగలం? పిల్లల కోపం ఎప్పుడూ అలాగే ఉంటుంది. తమకు ఇష్టమైనదాన్నే ముందు విరగ్గొడతారు.

రాకాసులు మాక్స్‌ను రాజును చేసుకొని, తమ దిగులంతా పోగొట్టమని అడుగుతాయి. పోగొడతానని వాడు మాట ఇస్తాడు, నిలబెట్టుకోలేకపోతాడు. ఆటలో నాయకుడైన ప్రతి పిల్లవాడికీ ఇది అనుభవమే. నలుగురు పిల్లలు కలిసి కోట కట్టడం మొదలుపెడితే సాయంత్రానికి ఇద్దరు మాట్లాడుకోరు. ఆ సంగతిని దాచకుండా చూపించిన పిల్లల సినిమాలు నాకు పెద్దగా తారసపడలేదు. మీ పాపకు ఆరేళ్ళు కాబట్టి భయపడి ఉండవచ్చు, పదేళ్ళకు మళ్ళీ చూపించి చూడండి.

హన్మకొండ పాఠకురాలు:

అందరికీ ధన్యవాదాలు. రాకాసుల పేర్ల గురించి ఒక మాట చేర్చాలి. పుస్తకంలో వాటికి పేర్లు లేవు. సెండాక్ తల్లిదండ్రులు పోలండ్ నుంచి బ్రూక్లిన్‌కు వలస వెళ్ళిన యూదులు. చిన్నప్పుడు ఆదివారాలు ఇంటికి వచ్చి, బుగ్గలు గిల్లి, ‘నిన్ను కొరుక్కు తినేస్తాను’ అనే మేనమామలు, పెద్దమ్మలే ఆ రాకాసులకు మూలమని ఆయన చెప్పేవారు. ఆలివర్ నస్సెన్ దీన్ని సంగీత నాటకంగా మలచి 1980లో బ్రస్సెల్స్‌లో ప్రదర్శించినప్పుడు రాకాసులకు త్జిప్పీ, మోయిషే, బ్రూనో, ఎమిల్, బెర్నార్డ్ అని పేర్లు పెట్టారు. అవి సెండాక్ బంధువుల పేర్లే. సినిమాలో కారల్, కేడబ్ల్యూ, జూడిత్, ఐరా వచ్చారు. బుగ్గ గిల్లి ముద్దుచేస్తూ భయపెట్టే బంధువుల గుణం సినిమాలో ఒక్క కేడబ్ల్యూలోనే మిగిలింది. కారల్ కోపంతో వెంటపడినప్పుడు ఆమె మాక్స్‌ను మింగి తన కడుపులో దాచుకుంటుంది కదా, అక్కడ సెండాక్ నాకు స్పష్టంగా కనిపించారు. ‘తినేస్తా’ అనే బెదిరింపు కాపాడడంగా మారిన ఆ ఒక్క చోట సినిమా పుస్తకాన్ని దాటి వెళ్ళిందని ఒప్పుకుంటాను.

సెండాక్ స్వయంగా ఈ సినిమా నిర్మాతల్లో ఒకరు. జోన్జ్‌ను కోరి ఎంచుకున్నది ఆయనే; భయంగా ఉందన్న విమర్శలు వచ్చినప్పుడు దర్శకుడి పక్షాన గట్టిగా నిలబడ్డదీ ఆయనే. అది గౌరవించవలసిన విషయమే. ఐనా పుస్తకం పాఠకుల చేతికి వచ్చిన తరువాత, రచయిత సమ్మతి ఉంది కదా అని గది అడవి కాకపోవడాన్ని నేను మరచిపోలేను.

మంచిర్యాల బడి:

నేను ప్రభుత్వ పాఠశాలలో గ్రంథాలయం చూస్తాను. ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది: చూసిన తరువాత పిల్లలు ఏం గీస్తున్నారు? మా పిల్లలకు ముందు పుస్తకం మాత్రమే చూపించి, మూసి పక్కన పెట్టి, మీ రాకాసిని గీయమన్నాను. గేదె కొమ్ములతో ఒకటి, కోడి కాళ్ళతో ఒకటి, బతుకమ్మ పూల జడతో ఒకటి, ఎవరి రాకాసి వారిదే. నెల తరువాత సినిమా చూపించి మళ్ళీ గీయమన్నాను. చాలామంది కారల్‌నే గీశారు. బాగానే గీశారు, చారల మేనుతో, గుండ్రని ముక్కుతో. కానీ గేదె కొమ్ములు పోయాయి.

బొమ్మల పుస్తకం పేజీకీ పేజీకీ నడుమ ఖాళీ ఉంచుతుంది, ఆ ఖాళీలో పిల్లవాడు పనిచేస్తాడు. సినిమా మంచిదైనకొద్దీ ఆ ఖాళీని మరింత నిండుగా నింపేస్తుంది. కాజీపేట సార్ మెచ్చుకున్న ఆ బొచ్చు, బరువు, వెచ్చదనమే నా దృష్టిలో సమస్య.

పొడవు తగ్గితే ఈ బాధ తగ్గుతుందని నా నమ్మకం. రేమండ్ బ్రిగ్స్ మాటలే లేకుండా 1978లో చేసిన ‘ద స్నోమ్యాన్’ను 1982లో టెలివిజన్ కోసం 26 నిమిషాల యానిమేషన్ చిత్రంగా తీశారు. పుస్తకంలో లేని క్రిస్మస్ తాతను, ఉత్తర ధ్రువాన్ని చేర్చారు, ఐనా మాటలు దాదాపు లేకుండానే నడిపారు. షాన్ టాన్ బొమ్మల పుస్తకం ‘ద లాస్ట్ థింగ్’ ఆధారంగా తీసిన సినిమా పదిహేను నిమిషాలే. 2011లో ఆస్కార్ కూడా అందుకుంది. సెండాక్ పుస్తకానికే జీన్ డైచ్ 1970లలో తీసిన, పది నిమిషాలైనా లేని యానిమేషన్ ఉంది. అందులో గది అడవి అవుతుంది కూడా. చిన్న పిల్లలకు నేను దాన్నే సిఫారసు చేస్తాను.

మానేరు తీరం:

గోదావరిఖని తమ్ముడూ, నువ్వు రాసినది చదివి ఆ మంచు గూడు దృశ్యాన్ని మళ్ళీ చూశాను. ఆ మొదటి భాగం గురించి నువ్వు చెప్పినదాన్ని కాదనలేను. దీవికి చేరిన తరువాతి భాగం మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

పటం కథ గారికి ఒక మాట. మీ పోలిక నాకు చాలా నచ్చింది, కానీ ఒక తేడా ఉంది. పటం చెప్పే మనిషికి ఎదుట కూర్చున్నవారి ముఖాలు కనిపిస్తాయి. పిల్లలు బెదిరితే గొంతు తగ్గిస్తాడు, నిద్ర ముంచుకొస్తుంటే హాస్యగాణ్ని లేపి ఒక చతురు వేయిస్తాడు, పెద్దలు ఇంకా వినాలనుకుంటే పిట్టకథ పొడిగిస్తాడు. సినిమాకు ఎదుటివాడి ముఖం కనిపించదు. కాబట్టి పిట్టకథలు ఎన్ని, ఎంతసేపు అనే లెక్క దర్శకుడు ముందే వేసుకోవలసి ఉంటుంది. జోన్జ్ ఆ లెక్క ముప్పై నలభై ఏళ్ళ వయసువారి కోసం వేశారు.

పటం కథ:

ఒప్పుకోదగిన మాట. దానికి ఒక్కటి చేరుస్తాను: ముఖాలు చూసి కథను మార్చే ఆ పని ఇప్పుడు పక్కన కూర్చున్న తల్లిదండ్రులది. సినిమాను మధ్యలో ఆపి, పిల్లలతో మాట్లాడి, మళ్ళీ నడిపే వీలు ఇంట్లో ఉంది.

జగిత్యాల అమ్మ:

చివరి పేజీ గురించి ఎవరూ అనలేదు కాబట్టి నేను అంటాను. పుస్తకంలో ఆఖరి పేజీ మీద బొమ్మ లేదు, అన్నం ఇంకా వేడిగానే ఉందన్న ఒక్క మాట ఉంది. పెట్టినది ఎవరో చెప్పనే చెప్పరు. సినిమాలో మాక్స్ తింటుంటే తల్లి ఎదురుగా కూర్చొని చూస్తూ చూస్తూ కునుకు తీస్తుంది. ఈ రెండింట్లో ఏది గొప్పదని అడిగితే పిల్లల కోసం పుస్తకాన్ని, నా కోసం సినిమాను ఎంచుకుంటాను. ఈ సినిమా పిల్లల గురించి పెద్దలకు తీసినదని మానేరు తీరం గారు ఫిర్యాదుగా చెప్పారు. అలాంటి సినిమా కూడా కావాలని నేను కోరుకుంటున్నాను.

హన్మకొండ పాఠకురాలు:

మంచిర్యాల సార్ చెప్పిన పద్ధతినే పాటించాలని నిర్ణయించుకున్నాను. వచ్చే నెల ఏడేళ్ళలోపు పిల్లలకు పుస్తకం, ఆ తరువాత బొమ్మలు గీయడం, చివరగా డైచ్ యానిమేషన్ మాత్రమే ఉంటాయి. పదేళ్ళు దాటినవారికి జోన్జ్ సినిమాను రెండు భాగాలుగా వేసి, కోట కట్టే సన్నివేశం దగ్గర ఆపి మాట్లాడిస్తాము. పటం కథ గారు వీలు చూసుకొని ఒక పటంతో వస్తే, ఒకే గడి మీద కథను ఎంతసేపు చెప్పవచ్చో పిల్లలు కళ్ళారా చూస్తారు. గది అడవి కాకపోవడం మీద నా అభ్యంతరం అలాగే ఉంది. దాన్ని పదేళ్ళ పిల్లల ముందే పెట్టి, వాళ్ళేమంటారో ఇక్కడ రాస్తాను.